మూలుగ నుంచి మగ్గాల పేట దాకా

పత్తి దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసేవారికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఒకటుంది. వైద్యులు దాన్ని బిస్సినోసిస్ అంటారు. అది మొదలయ్యే తీరు చాలా విచిత్రం. వారపు సెలవు గడిచి పనిలోకి వచ్చిన మొదటి రోజున, కొన్ని గంటలు గడిచేసరికి ఛాతీ బిగుసుకుపోతుంది, ఊపిరి సరిగా ఆడదు. మర్నాటికి కొంత తగ్గుతుంది. వారం మధ్యకు వచ్చేసరికి మనిషి మామూలుగా తిరుగుతుంటాడు. మళ్లీ సెలవు, మళ్లీ మొదటి రోజు, మళ్లీ అదే బిగువు. దుమ్ము మాత్రం వారమంతా ఒకే తీరుగా లేస్తూనే ఉంటుంది. జబ్బు ముదిరాక ఈ తేడా పోయి ఆయాసం రోజువారీ అవుతుంది. 1950ల్లో ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల కార్మికులను పరీక్షించిన రిచర్డ్ షిల్లింగ్ ఈ రోజుల లెక్క ఆధారంగానే జబ్బుకు దశలు నిర్ణయించారు. దుమ్ము కేవలం గొంతులో, శ్వాసనాళాల్లో అడ్డుపడటమే కారణమైతే రోజు రోజుకూ ఆయాసం పెరగాలి. ఇక్కడ తగ్గుతోంది. అంటే దుమ్ముకూ ఆయాసానికీ నడుమ గుర్తుపెట్టుకునేదీ, స్పందన మార్చుకునేదీ ఏదో ఉంది. అది రోగనిరోధక కణాల్లో ఉందనీ, ఆ కణాలు పుట్టి పెరిగిన తీరు తెలియకపోతే ఈ స్పందన అర్థం కాదనీ ఈ అధ్యాయంలో వాదించబోతున్నాను.

ఈ ప్రశ్నకు సోలాపూర్ కంటే తగిన చోటు తెలుగువారికి మరొకటి లేదు. 1877లో అక్కడ మొదటి పెద్ద నూలు, నేత మిల్లు వచ్చింది. తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా ఆ ఊరికి వలస వెళ్లాయి. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి గాని నేత ఆగలేదు. నగరం తూర్పు భాగంలోని పేటల్లో పవర్‌లూమ్ షెడ్లుగా విస్తరించింది. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, ఏటా రాఖీ పున్నమికి మార్కండేయుడి రథయాత్ర. అక్కడ నేసిన జకార్డ్ చద్దర్లు, టెర్రీ తువ్వాళ్లు భౌగోళిక గుర్తింపు పొందాయి. ఎన్నో ఇళ్లలో మగవాళ్లు మగ్గం మీద, ఆడవాళ్లు బీడీల చాట ముందు గడుపుతారు. ఒకటి పత్తి దుమ్ము, ఇంకొకటి పొగాకు దుమ్ము. పత్తి దుమ్ము అన్ని దశల్లోనూ ఒకేలా ఉండదని ఇక్కడే చెప్పాలి. బేళ్లు విప్పి దూది ఏకేచోట అది అత్యధికం, నేతలో తక్కువ. అయినా తక్కువంటే లేదని కాదు. పైగా ఇరుకు షెడ్డులో, ఇంటి గోడకు ఆనుకున్న మగ్గాల దగ్గర, అది పని గంటలతో ముగియదు.

దుమ్ములో ఛాతీని బిగించేది ఏమిటి? పత్తి నారే కారణమని చాలాకాలం అనుకున్నారు. 1987లో కాస్టెలన్ బృందం ఒక నమూనా ఏకుడు గదిని ఏర్పాటు చేసి, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతుల చేత రకరకాల పత్తి దుమ్ము పీల్పించింది. ఊపిరి వదిలే శక్తి ఎంత తగ్గిందన్నది గాలిలోని దుమ్ము బరువును బట్టి మారలేదు. ఆ దుమ్ములోని ఎండోటాక్సిన్ మోతాదును బట్టి మారింది. ఎండోటాక్సిన్ అంటే కొన్ని రకాల బాక్టీరియాల పైపొరలో ఉండే కొవ్వు, చక్కెర కలిసిన పదార్థం. పత్తి కాయ విచ్చుకుని చేలో ఉన్నప్పుడే ఆ బాక్టీరియా దానిపై చేరుతుంది. అది చచ్చిపోయినా పైపొర ముక్కలు దూదిలో మిగిలి దుమ్ముతో పాటు లేస్తాయి. ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ కణాలకు ఈ ముక్కలు తగిలితే సూక్ష్మజీవి దాడి చేసిందనే లెక్క. కణం పైనున్న టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకం దాన్ని పసిగడుతుంది. ఎలుకల్లో దీన్ని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం తేల్చింది. 2011లో నోబెల్ బహుమతికి కారణమైన పరిశోధనల్లో అదొకటి. గ్రాహకం కదిలిన కొద్ది నిమిషాల్లో కణద్రవంలో కట్టుబడి ఉన్న ఒక ప్రోటీను విడుదలై కేంద్రకంలోకి వెళ్లి, డీఎన్‌ఏ మీద కూర్చుని, వాపు కలిగించే జన్యువులను పనిలోకి దింపుతుంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-8 వంటి సంకేత పదార్థాలు వెలువడతాయి. వాటి వెంట రక్తంలోని న్యూట్రోఫిల్ కణాలు ఊపిరితిత్తుల్లోకి దూసుకొస్తాయి. ఆ ప్రోటీను పేరు ఎన్‌ఎఫ్-కప్పా-బి.

ఈ పేరు వెనకున్న చరిత్రలోనే అసలు సంగతి ఉంది. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ దీన్ని కనుగొన్నప్పుడు వాళ్లు ఊపిరితిత్తుల గురించి గాని, వాపు గురించి గాని వెతకడం లేదు. ఎముక మూలుగలో పెరుగుతున్న బి కణం యాంటీబాడీ తయారు చేసే జన్యువును ఎప్పుడు, ఎలా మేల్కొల్పుతుందన్నది వారి ప్రశ్న. యాంటీబాడీలో బరువైన గొలుసులూ తేలికైన గొలుసులూ ఉంటాయి. తేలిక గొలుసుల్లో ఒక రకం పేరు కప్పా. ఆ కప్పా జన్యువు లోపల ఎన్‌హాన్సర్ అనే చిన్న డీఎన్‌ఏ భాగం ఉంది. జన్యువు ఎంత జోరుగా పనిచేయాలో అది నిర్ణయిస్తుంది. దానిమీద పది అక్షరాల వరుసను పట్టుకుని కూర్చునే ప్రోటీనును సేన్, బాల్టిమోర్ బి కణాల కేంద్రకాల్లో చూశారు. బి కణాల్లో దొరికింది, కప్పాను పట్టుకుంటోంది కాబట్టి ఆ పేరు పెట్టారు. అదే ఏడాది రెండో పరిశోధనలో ఇంకా అపక్వ దశలో ఉన్న బి కణాలకు ఎండోటాక్సిన్ తగిలించారు. అప్పటిదాకా కేంద్రకంలో కనిపించని ఎన్‌ఎఫ్-కప్పా-బి వెంటనే ప్రత్యక్షమైంది. కొత్త ప్రోటీన్ల తయారీని మందుతో ఆపేసినా ప్రత్యక్షమైంది. అంటే అది అప్పటికే కణంలో తయారై, సంకేతం కోసం కాచుకుని ఉందన్నమాట. పత్తి దుమ్ములో ఉండే పదార్థమే ఎదిగే బి కణంలోనూ ఆ ప్రోటీనును కదిలించింది. కొన్నేళ్లలోనే ఆ ప్రోటీను దాదాపు ప్రతి రకం కణంలోనూ ఉందని తేలింది.

ఇక్కడొక చిక్కు వస్తుంది. సంకేతం ఒకటే, ప్రోటీను ఒకటే, కణాలన్నిటిలోనూ ఉన్న డీఎన్‌ఏ కూడా దాదాపు ఒకటే. అయితే బి కణంలో యాంటీబాడీ జన్యువుకు ప్రేరణ, మాక్రోఫేజ్‌లో వాపు రేపే జన్యువుకు ప్రేరణ ఎందుకు? ఫలానా ప్రోటీను ఫలానా జన్యువును నడుపుతుందని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నవారికి దీనికి జవాబు దొరకదు. నా దృష్టిలో జవాబు ఇది: నియంత్రక ప్రోటీనుకు సొంతంగా స్థిరమైన అర్థం లేదు. అంతకు ముందు వచ్చి వెళ్లిన ఇతర ప్రోటీన్లు డీఎన్‌ఏను ఎక్కడ తెరిచి, ఎక్కడ మూసి ఉంచాయో దానిని బట్టి అది చేసే పని మారుతుంది. రోగనిరోధక కణం ఎదుగుదల అంటే ఈ తెరవడాలు, మూయడాల చరిత్రే. ఆ చరిత్రే తర్వాతి స్పందనలన్నిటికీ హద్దులు గీస్తుంది.

లెక్క చూస్తే ఈ మాట బలపడుతుంది. మన జన్యురాశిలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. ఉన్నవి నాలుగే రకాలు కాబట్టి, పది అక్షరాల ఏ వరుసైనా కేవలం యాదృచ్ఛికంగానే వేల చోట్ల కనిపిస్తుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి ఒకటి రెండు అక్షరాలు మారినా సర్దుకుంటుంది కాబట్టి అది కూర్చోగల చోట్లు ఇంకా ఎన్నో రెట్లు. నిజంగా కూర్చునేది వాటిలో చిన్న వంతులోనే. కారణం, కేంద్రకంలో డీఎన్‌ఏ ఒంటరిగా ఉండదు. సుమారు రెండు మీటర్ల పొడవైన పోగు హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని, మడతలు పడి, కిక్కిరిసి ఉంటుంది. ఈ మొత్తాన్ని క్రోమాటిన్ అంటారు. బిగుతుగా చుట్టుకున్న చోట అక్షరాలు ఉన్నా ప్రోటీన్లకు అందవు. అందుచేత ఎక్కడ కూర్చోవాలన్నది ఎన్‌ఎఫ్-కప్పా-బి చేతిలో లేదు. ముందే తెరిచి ఉన్న చోట్లనే అది ఎక్కువగా చేరుతుంది.

ఆ తెరిచే పని మూలుగలో మొదలవుతుంది. రక్త మూలకణం నుంచి వెయ్యి దారులు పోవు, కొన్నే పోతాయి. ఒక దారిలో మాక్రోఫేజ్, ఒక దారిలో బి కణం; ఇంకో దారి థైమస్ గ్రంథికి వెళ్లి టి కణం అవుతుంది. మొదటి రెండు దారులకూ పీయూ.1 అనే ప్రోటీను తప్పనిసరి. అది లేకుండా పుట్టించిన ఎలుకల్లో మాక్రోఫేజ్‌లూ లేవు, బి కణాలూ లేవు. ఒకే ప్రోటీను రెండు వేర్వేరు కణాలను ఎలా తయారు చేస్తుందన్న ప్రశ్నకు 2000లో రాడ్నీ డికోటర్, హరీందర్ సింగ్ ఒక సమాధానం చూపారు: పీయూ.1 మోతాదు తక్కువైతే బి కణం వైపు, ఎక్కువైతే మాక్రోఫేజ్ వైపు. 2010లో స్వెన్ హైంజ్, క్రిస్టఫర్ గ్లాస్ బృందం మరింత లోతుకు వెళ్లింది. జన్యురాశి అంతటా పీయూ.1 ఎక్కడెక్కడ కూర్చుందో రెండు కణాల్లోనూ పటం గీస్తే, చాలా చోట్లు వేర్వేరుగా తేలాయి. మాక్రోఫేజ్‌లో అది సీ/ఈబీపీ అనే ప్రోటీన్ల పక్కన చేరుతోంది. బి కణంలో ఈ2ఏ, ఈబీఎఫ్ వంటి ప్రోటీన్ల పక్కన. ఒంటరిగా ఏదీ హిస్టోన్లను సులువుగా కదపలేదు. దగ్గర దగ్గరగా రెండు మూడు కలిసి పట్టుకుంటే చుట్ట సడలి, అక్కడ కొత్త రసాయన గుర్తులు పడి, ఆ చోటు తెరుచుకుంటుంది. అలా మాక్రోఫేజ్‌లో ముందే తెరిచి పెట్టిన చోట్లనే, తర్వాతెప్పుడో ఎండోటాక్సిన్ వచ్చినప్పుడు, ఎన్‌ఎఫ్-కప్పా-బి వచ్చి వాలుతుంది. కణం ఎదుగుతుండగా పీయూ.1 చేసి వెళ్లిన పనిమీదే ఛాతీలో వాపు నిలబడి ఉందన్నమాట.

సోలాపూర్ నేతకారుడికి దీన్ని జకార్డ్ మగ్గంతో చెప్పవచ్చు. చద్దరు మీద నెమలి వచ్చినా, పువ్వు వచ్చినా పడుగు దారాలు అవే. ఒక్కో పేక పడేటప్పుడు ఏ పడుగు దారాలు పైకి లేవాలో పైనున్న అట్టల రంధ్రాలు నిర్ణయిస్తాయి. డీఎన్‌ఏను పడుగు అనుకుంటే, ఏ జన్యువు లేవాలో నిర్ణయించే నియంత్రక ప్రోటీన్లు అట్టలు. అయితే ఈ పోలిక ఎక్కడ తెగిపోతుందో అక్కడే జీవశాస్త్రం ఆసక్తికరమవుతుంది. మగ్గం అట్టలను డిజైన్ తెలిసిన మనిషి బయట కూర్చుని తయారు చేస్తాడు. కణానికి బయట ఎవరూ లేరు. రంధ్రాలు పొడిచే ప్రోటీన్లు కూడా ఆ పడుగులోని జన్యువుల నుంచే పుట్టాయి. పీయూ.1 ప్రోటీను తన జన్యువు మీద తానే కూర్చుని తన తయారీని నిలబెట్టుకుంటుంది. ఈబీఎఫ్ పాక్స్5 అనే మరో ప్రోటీనును పుట్టిస్తే, పాక్స్5 తిరిగి ఈబీఎఫ్‌ను నిలబెడుతుంది. ఇలా ఒకదాన్నొకటి పోషించుకునే వలయం ఒకసారి ఏర్పడితే, దాన్ని మొదలుపెట్టిన సంకేతం మాయమైనా వలయం మిగిలే ఉంటుంది. కణం తానెవరో మరిచిపోకుండా ఉండటానికి ఇదే ఆధారం.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. చరిత్ర అంత ముఖ్యమైతే, ఒక్క ప్రోటీను మార్చినంత మాత్రాన కణం తన జాతే మార్చుకోకూడదు. కానీ మార్చుకుంటుంది. 2004లో హువాఫెంగ్ షీ, థామస్ గ్రాఫ్ బృందం బి కణాల్లోకి సీ/ఈబీపీ-ఆల్ఫాను ప్రవేశపెడితే అవి మాక్రోఫేజ్‌లుగా మారాయి. 2007లో మైన్రాడ్ బుస్లింగర్ బృందం ఎలుకల్లో పూర్తిగా ఎదిగిన బి కణాల నుంచి పాక్స్5 జన్యువును తొలగించింది. ఆ కణాలు వెనక్కి నడిచి, మూలుగలోని అపక్వ దశకు చేరి, అక్కడి నుంచి టి కణాలు కూడా అయ్యాయి. అంటే బి కణంగా ఉండటమనేది ఒకసారి సాధించి వదిలేసే హోదా కాదు. పాక్స్5 దాన్ని ప్రతిక్షణం కాపాడుతూ ఉండాలి. ఈ ప్రయోగాలను చూసి ‘అయితే అధిపతి ప్రోటీను ఒకటుందన్నమాట’ అనేవారున్నారు. నాకు అవి అందుకు విరుద్ధంగా కనిపిస్తాయి. సీ/ఈబీపీ-ఆల్ఫా అంత సులువుగా బి కణాన్ని మార్చగలిగింది ఎందుకంటే, బి కణంలో పీయూ.1 అప్పటికే ఉంది. గ్రాఫ్ బృందమే ఆ మార్పుకు పీయూ.1 తోడ్పాటు అవసరమని గమనించింది. పాక్స్5 పోయిన కణాలు కూడా ఇష్టం వచ్చినట్టు నాడీకణాలో కాలేయ కణాలో కాలేదు. తమ పూర్వీకులు నడిచిన దారుల్లోనే తిరిగాయి. తలుపు ఏదో ఒక్క ప్రోటీనే తెరిచింది గాని, తలుపులున్నవి పాత ఇంట్లోనే.

రెండో అభ్యంతరం మరింత ఇబ్బందికరం, అందుకే దాన్ని దాటవేయకూడదు. ఎన్‌ఎఫ్-కప్పా-బికి పేరు తెచ్చిన ఆ పది అక్షరాల చోటునే 2004లో యాంగ్ షూ ప్రయోగశాల ఎలుకల్లో చెడగొట్టి చూసింది. ముక్కలుగా ఉన్న కప్పా జన్యువు ఒకచోట చేరే అమరికకు కనిపించే లోపమేమీ రాలేదు. అదే ఎన్‌హాన్సర్‌లో ఈ2ఏ వర్గపు ప్రోటీన్లు కూర్చునే చోట్లను చెడగొడితే మాత్రం ఆ అమరిక బాగా దెబ్బతింది. ఎంతో పేరున్న ఆవిష్కరణకు పునాది కదిలినట్టే కదా! పరీక్షనాళికలో ఒక ప్రోటీను ఒక చోట అంటుకున్నంత మాత్రాన, జీవిలో ఆ పని దానివల్లే జరుగుతోందని చెప్పలేమన్నది ఇక్కడి పాఠం. నియంత్రక ప్రోటీన్ల గురించి రాసేవారందరూ దీన్ని గుర్తుంచుకోవాలి. కానీ ఈ ఫలితం ఈ అధ్యాయపు వాదాన్ని ఖండించదు. ఏ చోటు అర్థమూ ఆ చోటులో ఒంటరిగా లేదనీ, ఇరుగు పొరుగు ప్రోటీన్లతో కలిసి తూచాలనీ అది కూడా చెబుతోంది. బి కణం ఎదిగే దశలో ఆ పొరుగువారిలో బరువైనది ఈ2ఏ. ఎన్‌ఎఫ్-కప్పా-బి అక్కడ ఉన్నా లేకున్నా అమరిక సాగిపోయింది.

మూడో మాట: రోగనిరోధక కణాల్లో డీఎన్‌ఏ ఒకటే అనడం సరికాదు కదా, అవి తమ జన్యువులను తామే కత్తిరించుకుంటాయి కదా అని తెలిసినవారు అడుగుతారు. నిజమే. 1976లో నొబుమిచి హొజుమి, సుసుము టొనెగావా చూపినట్లు, యాంటీబాడీ జన్యువు ముక్కలుగా ఉండి బి కణంలో మాత్రమే ఒకచోట అతుకుతుంది. కత్తిరించేవి రాగ్1, రాగ్2 ప్రోటీన్లు. కానీ ఈ కత్తెర బి కణంలోనూ, టి కణంలోనూ ఒకటే. కత్తిరించే గుర్తులూ ఒకటే. బి కణంలో యాంటీబాడీ జన్యువే పూర్తిగా అతికి, టి కణంలో టి గ్రాహకపు జన్యువే అతకడానికి కారణం, ఎక్కడ క్రోమాటిన్ తెరుచుకుని ఉందో అక్కడికే కత్తెర వెళ్లడం. 1985లో జార్జ్ యాంకోపౌలోస్, ఫ్రెడరిక్ ఆల్ట్ ఈ ఊహను ముందుకు తెచ్చారు. 2007లో రాగ్2 ప్రోటీనులోని ఒక భాగం, చురుకైన జన్యువుల దగ్గర హిస్టోన్ మీద పడే ఒక రసాయన గుర్తును నేరుగా పట్టుకుంటుందని తేలింది. అంటే డీఎన్‌ఏను మార్చే పని కూడా ముందు తెరిచిన చోట్లను అనుసరించే జరుగుతోంది.

ఇంతవరకూ మూలుగ గురించే చెప్పాను. థైమస్‌లో ఎదిగే టి కణం సంగతికి వస్తే, సోలాపూర్ నుంచి సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని పుణెకు వెళ్లాలి. అక్కడి జాతీయ కణశాస్త్ర కేంద్రంలోనూ, తర్వాత ఐసర్ సంస్థలోనూ సంజీవ్ గలాండే బృందం శాట్‌బి1 అనే ప్రోటీను మీద ఏళ్లపాటు పనిచేసింది. 2010లో ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. శాట్‌బి1ను 1992లో తెరుమి కోహ్వి-షిగెమత్సు బృందం కనుగొంది. అది లేని ఎలుకల్లో థైమస్ చిన్నదైపోయింది, టి కణాలు మధ్య దశలోనే ఆగిపోయాయి, పిల్లలు మూడు వారాల వయసుకే చనిపోయాయి. 2003లో అదే బృందం, థైమస్ కణాల కేంద్రకంలో శాట్‌బి1 ఒక పంజరం లాంటి అల్లికగా పరుచుకుని ఉంటుందని చూపింది. డీఎన్‌ఏ పోగులోని దూరదూర భాగాలను ఆ అల్లిక మెలికలుగా ఒకచోటికి లాగుతుంది. ఒక ఎన్‌హాన్సర్ పోగు పొడవునా లెక్కిస్తే తన జన్యువుకు వేల అక్షరాల దూరంలో ఉండవచ్చు. మెలిక వల్ల రెండూ పక్కపక్కకు వస్తాయి. పుణె బృందం 2006లో చూపిన విషయం నాకు ఇందులో అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. శాట్‌బి1 మీద ఒకచోట ఫాస్ఫేటు చేరితే అది జన్యువులను అణిచే ప్రోటీన్లతో జతకడుతుంది. ఫాస్ఫేటు పోయి అసిటైల్ గుర్తు చేరితే డీఎన్‌ఏపై దాని పట్టు సడలి, అదే జన్యువు లేస్తుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి విషయంలో పని మారడానికి కారణం కూర్చునే చోటు. ఇక్కడ చోటు అదే, ప్రోటీను అదే. దానికి తోడెవరన్నది బయటి సంకేతం నిర్ణయిస్తోంది. 2007లో అదే బృందం, పీఎమ్‌ఎల్ అనే మరో ప్రోటీనుతో కలిసి శాట్‌బి1 ఎమ్‌హెచ్‌సీ అనే రోగనిరోధక జన్యువుల మెలికల అమరికను మారుస్తుందని చూపింది. ఇంత మౌలికమైన పని మన పక్కనే జరిగిందని తెలుగు పాఠకులకు తెలియాలి.

ఇక ఊపిరితిత్తులకు తిరిగి వద్దాం. గాలితిత్తుల్లో కాపలా ఉండే మాక్రోఫేజ్‌ల వంశం చాలా పాతది. ఎలుకల్లో చూస్తే, వీటి మూలాలు పిండదశలోనే కాలేయంలో పుట్టి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. పుట్టిన మొదటి వారంలో జీఎమ్-సీఎస్‌ఎఫ్ అనే సంకేతం అందుకుని, పీపార్-గామా అనే నియంత్రక ప్రోటీనును తయారు చేసుకుని, పూర్తి రూపం పొందుతాయి. తర్వాత తమ సంఖ్యను చాలావరకు తామే భర్తీ చేసుకుంటాయి. 2014లో వెలువడిన పరిశోధనలు ఒకే మాక్రోఫేజ్ జాతి కాలేయంలో ఒకలా, మెదడులో ఒకలా, ఊపిరితిత్తుల్లో ఒకలా క్రోమాటిన్‌ను తెరుచుకుంటుందని చూపాయి. అంటే ఎదుగుదల పుట్టుకతో ముగియదు. కణం చుట్టూ ఉన్న గాలి, పొరుగు కణాలు, వాటి సంకేతాలు కూడా అదే నియంత్రక ప్రోటీన్ల ద్వారా కేంద్రకం దాకా చేరి తమ ముద్ర వేస్తాయి.

ఆ ముద్ర రోజుల వ్యవధిలో కూడా పడుతుంది. 2007లో సిమ్మీ ఫాస్టర్, డయానా హార్‌గ్రీవ్స్, రుస్లాన్ మెజిటోవ్ మాక్రోఫేజ్‌లకు ఎండోటాక్సిన్ ఒకసారి ఇచ్చి, కొంత విరామం తర్వాత మళ్లీ ఇచ్చారు. రెండోసారి కణం మొత్తం మొద్దుబారి ఉంటుందని అనుకోవచ్చు, అలా జరగలేదు. జన్యువులు రెండు గుంపులుగా విడిపోయాయి. వాపు రేపే జన్యువులు లేవలేదు. సూక్ష్మజీవులను చంపే పదార్థాల జన్యువులు మామూలుగానో, అంతకంటే జోరుగానో లేచాయి. మొదటి గుంపు దగ్గర క్రోమాటిన్‌పై ఉండాల్సిన చురుకుదనపు గుర్తులు తిరిగి పడలేదు. రెండో గుంపు దగ్గర పడ్డాయి. గ్రాహకం ఒకటే, సంకేతం ఒకటే. ఏ జన్యువు స్పందించాలన్నది నిన్నటి అనుభవం జన్యువు వారీగా తేల్చింది. సెలవు తర్వాతి మొదటి రోజున బిగిసి, వారం మధ్యకు సడలే ఛాతీని అర్థం చేసుకోవడానికి దీనికంటే సహేతుకమైన ఆధారం నాకు కనిపించదు. వాపు జన్యువులు పనిరోజుల్లో అణిగి ఉండి, సెలవులో ఆ అణచివేత సడలి, మొదటి రోజుకు మళ్లీ సిద్ధమవుతాయన్నది వివరణ.

ఇది నిరూపితమైన వివరణ కాదని కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. ఫాస్టర్ బృందం చూసింది పళ్లెంలో పెంచిన ఎలుక కణాలను. మనిషి ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌తో పాటు శ్వాసనాళపు గోడ కణాలున్నాయి. మూలుగ నుంచి కొత్తగా వచ్చే, ఎక్కువ కాలం బతకని న్యూట్రోఫిల్స్ ఉన్నాయి. వారంలో తగ్గే ఆయాసంలో వీటన్నిటి పాత్ర ఎంతెంతో విడదీయాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. కణం వాపును అణుచుకోవడం నేర్చుకుంటే జబ్బు ముదరకూడదు కదా? షాంఘైలో 1981 నుంచి డేవిడ్ క్రిస్టియాని బృందం పత్తి కార్మికులనూ పట్టు కార్మికులనూ పక్కపక్కన పెట్టి దశాబ్దాల పాటు గమనించింది. పత్తి పనివారి ఊపిరి శక్తి ఏటేటా ఎక్కువగా తగ్గుతూ వచ్చింది. పని మానిన తర్వాత ఆ తగ్గుదల కొంత కుదుటపడింది. దీన్నిబట్టి నాకు అర్థమయ్యేదేమంటే, అణచివేత సంపూర్ణం కాదు. ప్రతి మొదటి రోజూ ఒక వాపు, ప్రతి వాపు వెనుకా కొంత కణజాల నష్టం. వారంలో వచ్చే ఉపశమనం నష్టాన్ని ఆపదు. పైగా కార్మికుడికి అది తగ్గిపోయిన జబ్బులా అనిపించి, వైద్యుడి దగ్గరికి వెళ్లడాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయిస్తుంది. లోపల జన్యువులు అణిగి ఉండటాన్ని ఆరోగ్యంగా పొరబడటం ఇది.

చివరిగా మగ్గాల పేటల్లోనే కాదు, ఆసుపత్రుల్లోనూ వినిపించే అభ్యంతరం: అదే షెడ్డులో అదే దుమ్ము పీల్చేవారిలో కొందరికే జబ్బు వస్తుంది కాబట్టి, అది వారి ఒంటితత్వం, వారసత్వం అని. ఇందులో నిజం లేకపోలేదు. టీఎల్‌ఆర్-4 జన్యువులో కొన్ని మార్పులున్నవారు ఎండోటాక్సిన్ పీల్చినా తక్కువగా స్పందిస్తారని 2000లో నాన్సీ ఆర్బర్, డేవిడ్ ష్వార్ట్జ్ బృందం మనుషుల్లోనే చూపింది. కానీ ఆ తేడా గ్రాహకానిది. గ్రాహకం తర్వాత ఏం జరగాలన్నది కణం ఎదిగిన తీరూ, అది ఉన్న చోటూ, నిన్న తగిలిన మోతాదూ కలిసి నిర్ణయిస్తాయని ఇంతవరకూ చూసిన ఆధారాలన్నీ చెబుతున్నాయి. వాటిలో మన చేతిలో ఉన్నది మోతాదు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం బిస్సినోసిస్‌ను తెలియజేయాల్సిన వృత్తిరోగాల్లో చేర్చింది గాని, నాలుగైదు మగ్గాల చిన్న షెడ్డు ఆ చట్టపు లెక్కలోకే రాలేదు. అమెరికాలో 1978లో పత్తి దుమ్ముకు హద్దు పెట్టారు: నూలు వడికే చోట ఘనమీటరు గాలికి 200 మైక్రోగ్రాములు, గంజి పట్టించి నేసే చోట 750. మిల్లు యజమానులు కోర్టుకెక్కారు; 1981లో అక్కడి సుప్రీంకోర్టు ఆ హద్దులను నిలబెట్టింది. తర్వాతి ఏళ్లలో అక్కడి మిల్లుల్లో బిస్సినోసిస్ గణనీయంగా తగ్గింది. అంత కొద్దికాలంలో అక్కడి కార్మికుల వారసత్వం మారే అవకాశమే లేదు. మారింది వారి మాక్రోఫేజ్‌లకు తగిలే దుమ్ము.